ఫాస్ట్ కార్: 'మనం' నుంచి 'నువ్వు' దాకా

ఈ పాటకి నేను మొదట డాన్స్ చేశాను. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది.

2016లో, మాదాపూర్‌లో, ఆఫీసు యాన్యువల్ పార్టీ. డీజే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారాడు. ఒక అమ్మాయి గొంతు, వెనక సముద్రం ఒడ్డు సెలవుల్ని గుర్తుచేసే కీబోర్డు, కింద ఆగకుండా కొట్టే బీట్. కారు గురించి ఏదో పాడుతోంది. లాంగ్ డ్రైవ్ పాట అనుకున్నాను. చేతులు పైకెత్తి అందరం గెంతాం.

అది జోనస్ బ్లూ అనే ఇంగ్లండ్ ప్రొడ్యూసర్ చేసిన 'ఫాస్ట్ కార్'. పాడింది డకోటా. అసలు పాట ట్రేసీ చాప్‌మన్‌దనీ, 1988 నాటిదనీ తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. ఒకరోజు రాత్రి అన్నం తింటుంటే రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. సగం పాట అయ్యేసరికి ప్లేట్లో చెయ్యి ఆగిపోయింది. తాగుడుకి లొంగిపోయిన తండ్రి, ఆయన్ని వదిలేసి వెళ్లిపోయిన తల్లి, తండ్రిని చూసుకోవడానికి చదువు మానేసిన కూతురు. నేను గెంతింది దీనికా?

ఇక్కడ ఆగిపోయి 'ఒరిజినల్ గొప్పది, మిగతావన్నీ చెత్త' అని తేల్చేస్తే వ్యాసం అయిపోతుంది. చాలామంది అలాగే తేలుస్తారు కూడా. కానీ ఇన్నేళ్లుగా ఈ పాట రకరకాల గొంతుల్లో విన్నాక, నాకు ప్రశ్న వేరేగా కనిపిస్తోంది. ఈ పాటలో ఒక 'మనం' ఉంది. పాట ముగిసేసరికి అది 'నువ్వు' అయిపోతుంది. కవర్ చేసిన ప్రతివాళ్లూ ఆ రెండు మాటల మధ్య దూరాన్ని ఏం చేశారన్నదే నా ప్రశ్న.

ముందు కథ. చెప్పేది ఒక అమ్మాయి. ఆమెకి తెలిసినవాడి దగ్గర వేగంగా పోయే కారుంది. ఆమె దగ్గర కిరాణా కొట్టులో పనిచేసి దాచిన కొద్దిపాటి డబ్బుంది, ఊరు దాటే ప్లాను ఉంది. ఇద్దరూ సిటీకి వెళ్తారు. ఆమెకి సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పని దొరుకుతుంది. అతనికి దొరకదు. ఇవాళ కాకపోతే రేపు, పెద్ద ఇల్లు, మంచి పేట అనుకుంటూ ఉంటుంది. ఏళ్లు గడుస్తాయి. బిల్లులన్నీ ఆమె జీతమే కడుతుంది. అతను బార్‌లో స్నేహితులతో గడిపేంత సేపు పిల్లలతో గడపడు. అంటే తన తండ్రి లాంటి ఇంకొకడు ఆమె ఇంట్లో తయారయ్యాడు. చివరికి, కారు తీసుకుని నీ దారిన నువ్వు వెళ్లమంటుంది.

ఇంత కథని చాప్‌మన్ దాదాపు అయిదు నిమిషాల్లో చెప్తుంది. వింటే తెలుస్తుంది, మొదటి కోరస్ రావడానికి ఇంచుమించు రెండు నిమిషాలు పడుతుంది. రేడియోకి అది చాలా ఆలస్యం. అప్పటిదాకా ఒకటే గిటారు వరస, మళ్లీ మళ్లీ అక్కడికే తిరిగి వస్తూ ఉంటుంది. ఎక్కడికీ పోలేని మనిషి కథకి ఎక్కడికీ పోని గిటారు. కోరస్ రాగానే డ్రమ్స్ గట్టిగా పడతాయి, పాట ఒక్కసారి పరిగెడుతుంది. కానీ గమనించండి, ఆ కోరస్ అంతా భూతకాలంలో ఉంటుంది. కార్లో తిరిగిన ఒక రాత్రి, భుజం మీద పడ్డ చెయ్యి, నేనూ ఒక మనిషినే అనిపించిన క్షణం. అదంతా ఎప్పుడో జరిగిపోయింది. పాట మొత్తంలో వేగం ఉన్నది ఒక్క జ్ఞాపకంలోనే. జ్ఞాపకం అయిపోగానే డ్రమ్స్ తగ్గుతాయి, మళ్లీ పాత గిటారే, మళ్లీ బిల్లింగ్ కౌంటరే.

కోరస్ కాకుండా ఇంకో ముక్క ఉంది. అది రెండేసార్లు వస్తుంది. మొదటి కోరస్‌కి ముందు ఒకసారి, పాట చిట్టచివర ఒకసారి. ఈ కారుతో ఇక్కణ్నుంచి బయటపడటం సాధ్యమేనా, తేల్చుకోవాల్సింది ఇవాళే అన్న అర్థంలో. మొదటిసారి అందులో ఉన్నది 'మనం'. చివరిసారి ఉన్నది 'నువ్వు'. మిగతా మాటలు దాదాపు అవే. ఒక్క సర్వనామం మారితే ఒక కాపురం ముగిసింది.

ఈ సంగతి నాకు ఇంగ్లిష్‌లో వింటున్నంతకాలం తట్టలేదు. తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడు తట్టింది.

పోయినేడాది సెకండ్ హ్యాండ్ కారు ఒకటి కొన్నాను. గుంటూరు వెళ్లినప్పుడు మా పెద్దమ్మ కూతుర్ని ఎక్కించుకుని విజయవాడ రోడ్డు మీద ఓ రౌండ్ వేశాను. అక్క ఒక బట్టల షాపులో బిల్లింగ్‌లో పనిచేస్తుంది. డిగ్రీ సెకండియర్‌లో ఉండగా పెదనాన్నకి పక్షవాతం వస్తే చదువు మానేసింది. ప్లేలిస్ట్‌లో ఈ పాట వచ్చింది. నేను కావాలని పెట్టలేదు.

"ఏంట్రా ఇది, కథ చెప్తున్నట్టుంది?" అంది.

"కథేనక్కా" అని ఆపి చెప్పడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి అతనితో, మనం వెళ్లిపోదాం అంటుంది, నువ్వు కారు నడుపు అంటుంది, ఇలా. అక్క మధ్యలో ఆపింది.

"పిల్లలు పుట్టాక కూడా నువ్వు అనే అంటుందా?"

"వాళ్లకి పెళ్లయిందో లేదో కూడా పాటలో లేదక్కా."

"సర్లే, చెప్పు."

నవ్వొచ్చింది కానీ, అప్పుడే నాకు వెలిగింది. ఇంగ్లిష్ 'యూ'కి మన్ననా లేదు, చనువూ లేదు. ఇంగ్లిష్ 'వీ'లో వినేవాడు ఉన్నాడో లేడో తెలీదు. తెలుగు అలా ఊరుకోదు. 'మనం' అంటే వింటున్న నిన్ను కలుపుకుని. 'మేము' అంటే నిన్ను వదిలేసి. ఎవరికైనా ఈ పాట తెలుగులో చెప్పాలంటే మొదటి వాక్యంలోనే తేల్చుకోవాలి. నేను ఏమీ ఆలోచించకుండా 'మనం' అన్నాను. చివరికొచ్చేసరికి 'నువ్వు' అనాల్సి వచ్చింది.

ముగింపు చెప్పి, "పాపం, ఆఖరికి ఎక్కడికీ పోలేకపోయింది" అన్నాను. ఏళ్ల తరబడి నేను పాటని అలాగే అర్థం చేసుకున్నాను. ఓడిపోయిన మనిషి పాట.

అక్క ఒప్పుకోలేదు. "పోలేకపోవడం ఏంట్రా? వాణ్ణి పంపించేసిందిగా. అద్దె కట్టేది తనే, పిల్లల్ని చూసుకునేది తనే. తనెందుకు పోతుంది?"

చదువు సంగతి నేను ఎత్తలేదు. తనూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక మళ్లీ విన్నాను. అక్క చెప్పింది పాటలో ఉంది. చివరి చరణంలో ఆమె తనకి ప్లాన్లేవీ మిగల్లేదనీ, తను కదలదనీ చెప్తుంది. దాన్ని 'నా వల్ల కాదు' అని వినొచ్చు, 'ఈ ఇల్లు నాది' అని కూడా వినొచ్చు. చాప్‌మన్ గొంతు రెండిటికీ చోటిస్తుంది. ఏడవదు, అరవదు. కౌంటర్ దగ్గర చిల్లర లెక్కపెట్టి ఇచ్చినంత మామూలుగా చెప్తుంది.

ఇప్పుడు కవర్ల దగ్గరికొద్దాం. జోనస్ బ్లూ వెర్షన్ నిడివి మూడున్నర నిమిషాలు. నాకు దాంతో పేచీ స్పీడు గురించి కాదు. బాధని డాన్స్‌లో పెట్టడం తప్పేం కాదు, మన తీన్మార్‌కి చావులో కూడా చోటుంది. పేచీ ఎక్కడంటే, అక్కడ బీట్ జ్ఞాపకం కోసం ఎదురుచూడదు. చాప్‌మన్ పాటలో కోరస్ దగ్గర మాత్రమే వచ్చి వెళ్లిపోయే వేగం, ఇక్కడ పాటంతా పరుచుకుని ఉంటుంది. భూతకాలం వర్తమానం అయిపోయింది. ఆ కార్లో వాళ్లింకా తిరుగుతూనే ఉన్నారు. అందుకే నాకు లాంగ్ డ్రైవ్ పాటలా వినిపించింది. నా చెవి తప్పు కొంత, ఆ అరేంజ్‌మెంట్ ఇచ్చిన భరోసా కొంత. సరిగ్గా ఆ రోజుల్లోనే స్వీడన్ ప్రొడ్యూసర్ టోబ్‌టోక్ కూడా ఇదే పాటని డాన్స్ ట్రాకుగా వదిలాడు. ఇద్దరికీ ఒకేసారి ఈ పాటే దొరకడంలో ఆశ్చర్యం లేదు. ఆ గిటారు వరసే ఒక లూప్. దాని కింద బీట్ పెట్టాలనిపించడం సహజం. కానీ లూప్‌లో ఇరుక్కోవడం గురించి రాసిన పాట అది.

బ్లాక్ ప్యూమాస్ వెర్షన్ 2020లో వాళ్ల మొదటి ఆల్బమ్ డీలక్స్ ఎడిషన్లో వచ్చింది. పాడే ఎరిక్ బర్టన్ బ్యాండ్‌లోకి రాకముందు వీధుల్లో గిటారు వాయించి పాడినవాడు. చాప్‌మన్ కూడా టఫ్ట్స్ యూనివర్సిటీలో చదువుకుంటూ బోస్టన్ పక్కన హార్వర్డ్ స్క్వేర్‌లో అలా పాడిన మనిషే. వీధిలో పాడేవాళ్లకి ఒక విద్య తెలుసు. నడిచిపోతున్నవాణ్ణి ఆపాలంటే గొంతు పెంచితే చాలదు, వాడితోనే మాట్లాడుతున్నట్టు పాడాలి. బర్టన్ అలాగే పాడతాడు. కాకపోతే ఆయన గొంతులో చర్చి ఉంది, ప్రార్థన ఉంది. చాప్‌మన్ తేల్చేసిన చోట బర్టన్ ఇంకా బతిమాలుతూ ఉంటాడు. కారు ఇంకా ఇంటి ముందే ఉన్నట్టుంటుంది. అందమైన వెర్షన్. కానీ 'మనం' నుంచి 'నువ్వు'కి మారే చోట నాకు గుచ్చుకోలేదు. ఆయనకి ఇంకా ఆశ ఉంది.

ఇక 2023. లూక్ కోంబ్స్. నార్త్ కరోలినా నుంచి వచ్చిన తెల్ల కంట్రీ గాయకుడు, గడ్డం, టోపీ, బొంగురు గొంతు. చిన్నప్పుడు నాన్న ట్రక్కులో ఈ పాట విన్నానని చెప్పుకున్నాడు. తన 'గెటిన్ ఓల్డ్' ఆల్బమ్‌లో పెట్టాడు. అది బిల్‌బోర్డ్ హాట్ 100లో 2వ స్థానం దాకా వెళ్లింది. 1988లో చాప్‌మన్ పాట చేరింది 6వ స్థానానికి.

గొడవ అక్కడ మొదలైంది. నల్లజాతి స్త్రీ రాసి పాడిన పాట, 35 ఏళ్ల తర్వాత తెల్లవాడి నోట్లో ఇంకా పెద్ద హిట్టయింది. అదీ కంట్రీ రేడియోలో. నల్లజాతి స్త్రీలు పాడిన పాటలు అరుదుగా వినిపించే చోట. మెచ్చుకోవాలా, కోపం తెచ్చుకోవాలా అని అమెరికాలో వ్యాసాల మీద వ్యాసాలొచ్చాయి. నేను తెలుగులో అడిగితే ప్రశ్న చిన్నది. కోంబ్స్ పాడుతున్నది 'మనం'లోంచా, 'మేము'లోంచా? వేలమంది తెల్ల కంట్రీ అభిమానులు స్టేడియంలో గొంతు కలిపినప్పుడు, ఆ 'వీ'లో ఆ పాట రాసిన మనిషి ఉందా?

సమాధానం తేలిక కాదు. ముందు కోంబ్స్ చేసిన మంచి పని. కవర్లలో మగవాళ్లు పాడినప్పుడు అమ్మాయిని అబ్బాయిగా మార్చేయడం పాత అలవాటు. ఆయన మార్చలేదు. బిల్లింగ్ కౌంటర్ దగ్గరున్నది అమ్మాయి కాబట్టి, ఆ గడ్డం మనిషి తనని అమ్మాయిగానే చెప్పుకుని పాడాడు. గిటారు వరస కదపలేదు, కథ కదపలేదు. ఇల్లు అద్దెకి తీసుకుని గోడలకి ఒక్క మేకు కూడా కొట్టని మనిషిలా ఉన్నాడు.

అందువల్లే ఒక వింత జరిగింది. చివరికి, కారు తీసుకుని వెళ్లమనే చోట, ఆ మాట అనిపించుకోవాల్సినవాడి గొంతులోంచి ఆ మాట వస్తోంది. నాకు ఆ గొంతులో కౌంటర్ దగ్గరి అమ్మాయి వినిపించలేదు. బార్‌లో కూర్చున్నవాడు వినిపించాడు. ఏళ్ల తర్వాత, ఆవిడ తనతో ఏమన్నదో పొల్లుపోకుండా గుర్తుచేసుకుంటున్నవాడు. కోంబ్స్ అలా అనుకుని పాడాడని నేననను. కానీ కవర్ వెర్షన్ అంటే ఇదే కదా. మాటలు అవే, నోరు మారితే అర్థం పక్కకి జరుగుతుంది.

ఇక డబ్బు లెక్కలు. అవి కూడా విమర్శలో భాగమే. అమెరికాలో, ఒకసారి రికార్డయి విడుదలైన పాటని ఎవరైనా కవర్ చేయొచ్చు. చట్టం ప్రకారం రాయల్టీ కడితే చాలు, రాసినవాళ్లు కాదనలేరు. అసలు రూపం మారిపోకూడదంతే. అందులోంచి ముక్క తీసి కొత్త పాటలో కలపాలంటే మాత్రం అనుమతి కావాలి. చాప్‌మన్ అలాంటి అనుమతి అంత తేలిగ్గా ఇచ్చే మనిషి కాదు. తన వేరే పాటని నికీ మినాజ్ వాడుకున్నందుకు కోర్టుకెళ్లింది. ఆ కేసు 4,50,000 డాలర్లకి ముగిసింది. మన చట్టంలోనూ 2012 సవరణతో కవర్లకి 31సి అనే సెక్షన్ వచ్చింది. కాకపోతే మన దగ్గర పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు ఆగాలి.

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియో పాట రాసినవాళ్లకి డబ్బు కడుతుంది, పాడినవాళ్లకి కట్టదు. అంటే కంట్రీ స్టేషన్లలో కోంబ్స్ గొంతు మోగిన ప్రతిసారీ డబ్బు లెక్కపడింది చాప్‌మన్‌కి. ఆమె ఒక్కతే రాసిన పాట కాబట్టి వాటాలు కూడా లేవు. బిల్‌బోర్డ్ కంట్రీ ఎయిర్‌ప్లే జాబితాలో, ఒంటరిగా రాసిన పాటతో మొదటి స్థానం చేరిన తొలి నల్లజాతి మహిళ అయింది. ఆ నవంబర్‌లో సీఎంఏ అవార్డుల్లో 'సాంగ్ ఆఫ్ ది ఇయర్' ఆమెకే వచ్చింది. ఆ అవార్డు నల్లజాతి రచయితకి దక్కడం అదే మొదటిసారి. ఆమె వేడుకకి రాలేదు.

అయినా లెక్క సరిపోలేదనే అంటాను. 35 ఏళ్లలో ఆ తలుపు తెరుచుకుంది పాటకి. ఆ పాట రాసిన మనిషి లాంటివాళ్లకి కాదు. రేపు ఒక ఇరవై నాలుగేళ్ల నల్లజాతి అమ్మాయి గిటారుతో కొత్త పాట తీసుకెళ్తే అదే స్టేషన్లు వేస్తాయా? కోంబ్స్ హిట్టు ఆ ప్రశ్నకి జవాబు కాదు. కోంబ్స్ తప్పు కూడా కాదు.

ఈ పాటకి ఇంకొకరి చోటులో నిలబడటం కొత్త కాదు. 1988 జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీ జరిగింది. మండేలా అప్పుడు జైల్లోనే ఉన్నాడు. చాప్‌మన్ తన వంతు ముందే పాడేసింది. సాయంత్రం స్టీవీ వండర్ పాడాల్సి ఉండగా, ఆయన కీబోర్డు సంగీతం ఉన్న హార్డ్ డిస్క్ కనబడలేదు. ఆయన వెళ్లిపోయాడు. ఖాళీ నింపడానికి ఈమెని మళ్లీ పంపారు. ఒక మనిషి, ఒక గిటారు, ఎదురుగా స్టేడియం, అనేక దేశాల్లో టీవీల ముందున్న జనం. ఆ రాత్రి తర్వాత ఆల్బమ్ అమ్మకాలు ఎగిరాయి. జైల్లో ఉన్న మనిషి కోసం జరిగిన సభలో, బయటపడటం గురించిన పాట. అక్కడ ఆ 'మనం' ఎంతమందిని కలుపుకుందో ఊహించుకోండి.

2024 ఫిబ్రవరి 4న గ్రామీ వేదిక మీద చాప్‌మన్, కోంబ్స్ కలిసి పాడారు. ఆమె జనం ముందుకి రావడమే అరుదు. మొదట గిటారు మీద వేళ్లు కనిపించాయి, తర్వాత ఆమె ముఖం, నెరిసిన జుట్టు, చిరునవ్వు. ఆ వరస మోగగానే హాల్లో కేక. ఆమె పాడుతుంటే కోంబ్స్ ఆమెవైపే చూస్తూ, శబ్దం రాకుండా పెదవులు కలుపుతూ నిలబడ్డాడు. ఆ కాసేపు ఆయన స్టార్ కాదు, నాన్న ట్రక్కులో కూర్చున్న పిల్లాడు. ఆఖర్న ఆమెకి వంగి నమస్కరించాడు.

నాకు ఆ వీడియోలో నచ్చేది ఆ వంగడం కంటే ముందటిది. ఇద్దరూ వంతులేసుకుని పాడటం. అంతకుముందు పాటలో మాట్లాడేది ఒక్కతే. అతను నోరే విప్పడు. ఇక్కడ మొదటిసారి 'మనం' అన్న మాటకి పక్కన ఇంకో మనిషి నిలబడ్డాడు. పాట మటుకు మారలేదు. చివర్లో ఎలాగూ 'నువ్వు' వస్తుంది, ఎలాగూ విడిపోతారు. ఆ విడిపోవడాన్ని ఇద్దరూ కలిసి పాడారు.

మంచి కవర్ అంటే ఏమిటో ఇప్పుడు నాకు కొంచెం తెలుసనుకుంటున్నాను. పాటని కొత్తగా చేయడం కాదు, భక్తిగా అనుకరించడమూ కాదు. ఆ పాటలో 'మనం' అన్నప్పుడు నేనెక్కడున్నానో తెలుసుకుని పాడటం. కారు నడిపే సీట్లోనా, పక్క సీట్లోనా, కౌంటర్ వెనకా, బార్‌లోనా. జోనస్ బ్లూ వెర్షన్‌లో నాకు ఆ చోటు కనబడలేదు. బర్టన్ ఇంటి ముందు నిలబడ్డాడు. కోంబ్స్ తెలిసో తెలియకో వెళ్లిపోయినవాడి సీట్లో కూర్చున్నాడు. వినేవాళ్లకీ ఈ ప్రశ్న ఉంటుంది. ఆ పార్టీలో గెంతినప్పుడు నేను ఎక్కడా లేను. మా అక్క మొదటిసారి, సగం అర్థమయ్యీ కాక విన్నప్పుడే నేరుగా కౌంటర్ వెనక నిలబడింది. అందుకే ముగింపు నాకంటే ముందు తనకి అర్థమైంది.

మీరు కోంబ్స్‌తో మొదలుపెట్టినా ఫర్వాలేదు, నాలాగా డాన్స్ ఫ్లోర్ మీద మొదలుపెట్టినా ఫర్వాలేదు. కానీ ఒకసారి చాప్‌మన్ పాటని చివరిదాకా వినండి, ఫోన్ పక్కన పెట్టి. ఆఖరి ముక్కలో ఆ మాట మారేచోట, ఆమె గొంతు పెంచదు. పక్కింటివాళ్లకి కూడా వినపడదు.